పదకొండో కోచ్ పున్నయ్య

నాగాయలంక పున్నయ్య అంటే ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్ళకు మోటార్లు బాగుచేసే మనిషి. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ ఆగిందంటే మొదటి ఫోను ఆయనకే వెళ్తుంది. అయితే ఆయన మనసంతా పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా హైస్కూలు గ్రౌండులో ఉంటుంది. ఊరి బడిలో ఏడో తరగతితో చదువాపిన ఈ మనిషి పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. ఆయన చేతికింద ఆడినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. అందులో పద్నాలుగు మంది రాష్ట్రానికి ఆడారు. ఇద్దరు పోలీసు ఉద్యోగంలో ఉన్నారు, ఒకమ్మాయి రైల్వేలో ఉంది. ఒక ఏడాదైతే పోటీ మొత్తం మీద ఒక్క గోలు కూడా ఇవ్వకుండా కప్పు పట్టుకొచ్చారు. మొదట్లో గోలుపోస్టులు సరుగుడు బాదులు. వాటికి కట్టింది చెరువుల మీద కొంగలు వాలకుండా వేసే వల, అదీ ఎవరో పాతదని పారేసింది.

ఇంతటి మనిషికి సన్మానం చేస్తామని పిలిచి, ఆయన ప్రాణం తోడేసిన కథ ఇది.

బందరులో ఒక క్రీడాభిమానుల సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు గంగాధరరావు, సహకార బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. కార్యదర్శి గిరిధర్‌కు పెడనలో కలంకారీ బట్టల వ్యాపారం. విదేశాల్లో ఎవరో ప్రతి ఏడూ ప్రపంచంలోకెల్లా గొప్ప క్లబ్ కోచ్‌లంటూ పది పేర్లు ప్రకటిస్తారు. జట్టుకి పదకొండు మంది ఉంటే కోచ్‌లు పదిమందేమిటని గంగాధరరావు అభ్యంతరం. అందుకని ఆ జాబితా పేపర్లో పడగానే ఈ సంఘం కూర్చుని, కృష్ణా జిల్లా నుంచి ఒకరిని ఎంచి పదకొండో స్థానం భర్తీ చేస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఈ ఏడు ఆ స్థానం పున్నయ్యకు వచ్చింది.

చిక్కంతా తేదీతోనే. సభ పెట్టిన ఆదివారమే గుడివాడలో జిల్లా క్లబ్బుల పోటీ ఫైనలు. సాయంత్రం నాలుగింటికి ఆట. మూడున్నరలోగా కోచ్ స్వయంగా వచ్చి, కార్డు చూపించి, జట్టు పేర్ల కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆట లేకుండానే అవతలివాళ్ళు గెలిచినట్టు. గెలిచినవాళ్ళు రాష్ట్రపోటీకి వెళ్తారు. కెప్టెన్ శ్రావ్యకు ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. రాష్ట్రపోటీలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే విజయవాడ కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుంది. లేకపోతే వాళ్ళమ్మ సుభాషిణితో పాటు రొయ్యల షెడ్డులో తలకాయలు వలవడమే.

"పన్నెండు కల్లా వదిలేస్తాం పున్నయ్య గారూ, నాదీ పూచీ," అన్నాడు గంగాధరరావు ఫోన్లో.

పున్నయ్య రానని చెప్పాల్సింది. చెప్పలేకపోయాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆయన పేరు మైకులో వినపడలేదు. భార్య వెంకటరత్నమ్మ అప్పటికే ఆ సభ కోసం చొక్కా కుట్టించేసింది. పిల్లల్ని సుభాషిణికి అప్పజెప్పి గుడివాడ పంపించి, తను బందరు బస్సెక్కాడు.

పది గంటల సభకు ముఖ్య అతిథి, రైసుమిల్లు జగన్మోహనరావు, పన్నెండుంబావుకి దిగాడు. అప్పటిదాకా పున్నయ్య వేదిక మీద ఒక్కడే కూర్చున్నాడు. ఒక్కడే అంటే, పక్కన వరసగా పది కుర్చీల మీద పది ఫోటోలు కూడా ఉన్నాయి. దేశదేశాల కోచ్‌లు. ఒక్కొక్క ఫోటోకి బంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టారు. అప్పుడే హాల్లోకి వచ్చిన ఒక ముసలావిడ గుమ్మంలోనే చేతులు జోడించింది.

"అయ్యయ్యో, ఇంతమందీ ఒక్కసారే పోయారా నాయనా? బస్సేమైనా బోల్తాపడిందా?"

"బతికే ఉన్నారు మామ్మగారూ, నిక్షేపంగా ఉన్నారు!" అంటూ గిరిధర్ దీపాలు ఆర్పబోయాడు.

"శుభమా అని సభ పెట్టుకుని దీపం ఆర్పుతావేమిటయ్యా!" అని గంగాధరరావు కసిరాడు.

తరవాత గిరిధర్ మైకు అందుకుని పదో స్థానం ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడ పుట్టాడో, ఏ క్లబ్బులో ఎన్నేళ్ళు ఉన్నాడో, ఎన్ని కప్పులు గెలిచాడో, మనిషికి నాలుగు పేజీలు. ఒక్కొక్కరి చదువు అయ్యాక చప్పట్లు, ఆపైన గంగాధరరావు వ్యాఖ్యానం. ఒంటిగంట కావస్తుండగా పున్నయ్య జేబులో ఫోను మోగింది. శ్రావ్య.

"మావయ్యా, బయల్దేరావా?"

"లేదమ్మా," గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంకా ఏడోవాడి దగ్గరే ఉన్నారు."

"ఏడోవాడెవరు?"

"ఎవరైతే ఏంలేమ్మా. ఆయనకి గుడివాడలో సంతకం గొడవ లేదు."

పున్నయ్య కుర్చీ జరుపుకుని గంగాధరరావు చెవి దగ్గరికి వంగాడు. "అయ్యా, నాది ముందు కానిచ్చేయండి. ఆట ఉంది."

"వరస తప్పితే ఎలాగండీ? పదకొండోవాడు ఆరోవాడికంటే ముందొస్తే లోకం ఏమనుకుంటుంది?"

"లోకం ఎక్కడుందండీ ఇక్కడ? నలభై మందిమి ఉన్నాం, అందులో పది ఫోటోలు."

గంగాధరరావు నవ్వి, అదేదో మెచ్చుకోలన్నట్టు భుజం తట్టాడు.

నాలుగో ఆయన అయ్యాక ముఖ్య అతిథిగారికి అవతల పెళ్ళి భోజనం ఉందని మైకు ఆయనకిచ్చారు. "ఫుట్‌బాల్ అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు కబడ్డీ బాగా ఆడేవాణ్ణి," అని మొదలుపెట్టి, మిల్లు పెట్టిన కథంతా పాతిక నిమిషాలు చెప్పి, పున్నయ్య పేరు ఎత్తకుండానే కారెక్కి వెళ్ళిపోయాడు. గోడ గడియారం ఒంటిగంట యాభై చూపిస్తోంది. మూడో ఆయన ఎలాగో అయ్యాడు. రెండో ఆయనది వాళ్ళ నాన్నగారి దగ్గర్నుంచి మొదలైంది.

రెండూ పది అయ్యేసరికి పున్నయ్య లేచి నిలబడ్డాడు. గిరిధర్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అందరికీ నమస్కారం. ఈ రెండో ఆయన చాలా గొప్పాయనలా ఉన్నారు. అయితే ఆయన జట్టు ఇవాళ గుడివాడలో ఆడట్లేదు. నాది ఆడుతోంది. నేను వెళ్తున్నానండీ."

"సన్మానితుడు వేదిక దిగకూడదండీ!" గంగాధరరావు అడ్డం వచ్చాడు. "ఎనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు!"

"ఆ ఏడుగురికీ ఆ రోజు ఆట లేదేమోనండీ," అంటూ పున్నయ్య మెట్లు దిగేశాడు.

బస్టాండులో గుడివాడ బస్సు కదులుతుంటే ఎక్కాడు. హమ్మయ్య అని సీట్లో కూలబడి తల తిప్పేసరికి, వెనక తలుపులోంచి గంగాధరరావు, ఆయన వెనక సన్మానపత్రం కట్టించిన ఫ్రేము చంకలో పెట్టుకుని గిరిధర్, రొప్పుకుంటూ లోపలికొస్తున్నారు. శాలువా సంచిలో ఉంది.

"మిమ్మల్ని ఉత్తి చేతులతో పంపితే మా సంఘం పరువేం కావాలండీ?" అన్నాడు గంగాధరరావు.

"ఆ ఫ్రేముకి సీటెందుకండీ, ఒళ్ళో పెట్టుకోండి!" అని కండక్టరు అరిచాడు.

పెడన దాటగానే గంగాధరరావు కమ్మీ పట్టుకుని నిలబడి సన్మానపత్రం చదవడం ప్రారంభించాడు. "దివిసీమ క్రీడాజ్యోతీ! పాదకందుక ప్రవీణా! తమ శిక్షణలో రెండు వందల మంది బాలికలు..."

"రెండు వందల పన్నెండండీ," అన్నాడు పున్నయ్య, అనుకోకుండానే.

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఎదురు సీట్లో పాలక్యాను పెట్టుకున్నాయన అడిగాడు. "రాష్ట్రానికి ఎంతమంది ఆడారండీ?"

"పద్నాలుగు మంది," అన్నాడు పున్నయ్య. చెప్పినందుకు తనమీద తనకే విసుగొచ్చి కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే గుడ్లవల్లేరు దగ్గర రైలు గేటు పడింది. రెండూ యాభై. గూడ్సుబండి ఎక్కడుందో కనపడటం లేదు. గంగాధరరావు మాత్రం ఆగలేదు, గేటు పడ్డందుకు సంతోషించినట్టే ఉన్నాడు. పున్నయ్య బస్సు దిగి, గేటు దాకా నడిచి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు. "సన్మానితుడు దిగకూడదన్నాం కదండీ!" అని లోపల్నుంచి గంగాధరరావు కేక. బండి పోయి గేటు లేచేసరికి మూడూ ఐదు.

గుడివాడలో దిగి ఆటో పట్టుకుని స్టేడియం చేరేటప్పటికి మూడూ ఇరవై ఏడు. గేటు దగ్గరే శ్రావ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు అవార్డొచ్చిందా మావయ్యా? మాకు ఇంటికెళ్ళే బస్సొచ్చేది!"

పున్నయ్య నిర్వాహకుల బల్ల దగ్గరికి పరిగెత్తి, కార్డు చూపించి సంతకం పెట్టాడు. తొందరలో పేరు వంకరగా పడింది. అక్కడున్నాయన గడియారం చూసి, "ఇంకో నిమిషం ఉందిలెండి, నీళ్ళు తాగండి," అన్నాడు.

మొదటి సగంలోనే ఒక గోలు ఇచ్చేశారు. విరామంలో పిల్లలు తలలు వంచుకుని గుండ్రంగా కూర్చుంటే, మధ్యలోకి గంగాధరరావు శాలువా విప్పుకుంటూ వచ్చాడు. "ఈ పది నిమిషాల్లో కానిచ్చేద్దామండీ, ఫోటో కూడా..."

"గంగాధరరావు గారూ!" పున్నయ్య గొంతు స్టేడియం అవతలికి వినపడింది. "మీకు దణ్ణం పెడతాను, గీత అవతల కూర్చోండి!"

తరవాత పిల్లల వైపు వంగి మామూలు గొంతుతో చెప్పాడు. "ఆ నాలుగో నంబరు పిల్ల ఎడమవైపు తిరగలేకపోతోంది, చూశారా? మోకాలు నొప్పేమో. బంతి అటే వేయండి. యశస్వినీ, నువ్వు పరిగెత్తద్దు, అక్కడే నిలబడు. బంతే నీ దగ్గరికొస్తుంది."

అలాగే వచ్చింది. యశస్విని ఒకటి కొట్టింది. ఆట ఇంకో ఆరు నిమిషాలు ఉందనగా శ్రావ్య రెండోది కొట్టింది. కొట్టి గోలు వైపు కాకుండా పున్నయ్య వైపు చూసింది. ఆయన అప్పటికే చేతులూపుతూ, "వెనక్కి! వెనక్కి రండే!" అని అరుస్తున్నాడు. ఈల వేసేదాకా ఆ అరుపు ఆగలేదు. సుభాషిణి కమ్మీ దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆట అయ్యాక గంగాధరరావు, గిరిధర్ మళ్ళీ దగ్గరికొచ్చారు.

"ఇప్పుడైనా ఐదు నిమిషాలు ఇవ్వండి పున్నయ్య గారూ."

"అవనిగడ్డ బస్సు ఆరుంబావుకండీ. అది తప్పితే ఈ పదహారు మందినీ ఎవరింట్లో పడుకోబెట్టను? మీరే మా ఊరు రండి. ఐదింటికి గ్రౌండులో ఉంటాను."

"సాయంత్రమా?"

"పొద్దునండీ."

గంగాధరరావు గిరిధర్ వైపు చూశాడు. "పొద్దున ఐదింటికి ముఖ్య అతిథి ఎవరు దొరుకుతారయ్యా?"

పున్నయ్య అప్పటికే వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెడుతున్నాడు. పదిహేనే వచ్చారు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.

"శ్రీజ ఏదే? ఇప్పటిదాకా ఇక్కడే ఉందిగా! శ్రావ్యా, వెళ్ళి ఆ పిల్లని లాక్కురా, బస్సు వెళ్ళిపోతుంది!"