ఒకటో గేరు నాలుగు దగ్గర ఉన్న రోజులు

మా చిన్నప్పుడు మా స్కూటర్‌కి ఒకటో గేరు నాలుగు దగ్గర ఉండేది... నవ్వకండి, నిజమే చెబుతున్నాను. హ్యాండిల్‌ని 'నాలుగు' దగ్గరికి తిప్పితే ఒకటో గేరు పడేది. 'ఒకటి' దగ్గరికి తిప్పితే నాలుగోది. న్యూట్రల్ కావాలంటే మూడు దగ్గర వెతుక్కోవాలి. రెండు మాత్రం... పాపం, రెండు దగ్గరే ఉండేది.

ఇదంతా మా నాన్న చలవే.

అప్పుడు మేం మన్సూరాబాద్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్నది తెనాలి పక్క పల్లె. నా బడి దిల్‌సుఖ్‌నగర్‌లో... రోజూ నాన్నే దింపేవాడు. ఆ స్కూటర్ నాకంటే రెండేళ్ళు పెద్దది. ఓ పక్కకి వంచి, కాసేపు బతిమాలితేగానీ కిక్కుకి పలికేది కాదు.

దాని రిపేర్లకి మా ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దడం, బల్బు మార్చడం నాన్న పని. వైర్లు, బ్రేకులు, కార్బురేటర్... అన్నీ యాదగిరి మామ పని. మామది నల్గొండ దగ్గర ఊరు, మా వీధి చివర రేకుల షెడ్డులో మెకానిక్. నాన్నని "సార్" అంటూనే "నువ్వు" అనేవాడు. "నువ్వు ప్లగ్గు దాకనే సార్, అటెన్క నీతోని కాదు" అని నవ్వేవాడు. అదేం మర్యాదో అమ్మకి మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత అలవాటైపోయింది.

ఇంతలో ఉద్యమం ఊపందుకుంది... ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మామ షెడ్డు మూసేసి దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే మా గేరు వైరు తెగింది.

"షెడ్డు తీసినరోజు చూసి వెళ్ళొచ్చుగా అండీ?" అంది అమ్మ.

"ఇప్పుడు మనం వెళ్తే బాగుంటుందా?"

"ఎందుకు బాగోదు? ఏమన్నా అంటాడా?"

"ఏమీ అనడు... అదే కదా ఇబ్బంది" అన్నాడు నాన్న.

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. బళ్ళో కూడా ఇదే గందరగోళం. "మీరు ఆంధ్రోల్లా?" అని నా పక్క పిల్ల అడిగింది. ఇంటికొచ్చి నాన్నని అడిగితే, "నువ్వు ఇక్కడే పుట్టావు కదా తల్లీ" అన్నాడు. అది అవునో కాదో ఇప్పటికీ తెలియదు నాకు.

ఆ ఆదివారం గిన్నెలో కిరసనాయిలు, పక్కన మసిగుడ్డ పెట్టుకుని నాన్న వాకిట్లో కూర్చున్నాడు. గేరుకి రెండు వైర్లు. రెండూ విప్పేశాడు. కొత్తవి బిగించేటప్పుడు ఇది అక్కడ, అది ఇక్కడ పెట్టేశాడు. సంగతి తెలిసి కూడా, "మళ్ళీ ఏం విప్పుతాంలే, అలవాటు చేసుకుంటే సరి" అన్నాడు!

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదే" అని అమ్మ ఆ బండి ఎక్కడమే మానేసింది. నేనెక్కక తప్పదుగా... వెనక కూర్చుని "నాలుగు నాన్నా... ఇప్పుడు రెండు" అని గేర్లు అందించేదాన్ని. అలా నెల గడిచింది.

ఒకరోజు ఉన్నట్టుండి బంద్ అని బళ్ళోంచి పంపించేశారు. నాన్నతో తిరిగొస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారుల వంటా వార్పూ. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు, గుండిగలు, డప్పులు, పాటలు...

"బండి ఎన్కకు తిప్పు సార్" అన్నారెవరో. నాన్న తిప్పాడు. ఆ కంగారులో నేను "ఒకటి నాన్నా, ఒకటి!" అన్నాను. ఏ బండికైనా మొదటిది ఒకటే కదా...

స్కూటర్ ఎగిరిపడి ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు... ఊహూఁ. చుట్టూ జనం. నాన్న నోరు విప్పడే! మాట్లాడితే యాస పట్టేస్తారని భయపడుతున్నాడని నాకప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"జర జరగున్రి... మా సారే!"

చేతిలో గరిటెతో యాదగిరి మామ! తనే ఎక్కి, కిక్కు కొట్టి, ఒకటో గేరు వేశాడు. మళ్ళీ ఎగిరిపడి ఆగింది. హ్యాండిల్ వంక చూశాడు, నాన్న వంక చూశాడు.

"ఎవల్ది సార్ గీ పని?"

"నాన్నే చేశాడు" అన్నాను నేను.

"నేను సచ్చిన్ననుకున్నవా సార్?"

"షెడ్డు మూసుంటోంది కదా యాదగిరీ..."

"బంద్ దుకాణానికి సార్, నీకూ నాకూ గాదు! నెల దినాల సంది నా ముంగట్నుంచే తల దించుకొని పోతున్నవ్. మా మీద కోపమొచ్చిందేమో అనుకున్న."

"నేను... నీకే కోపమనుకున్నాను" అన్నాడు నాన్న.

మామ మాకు విస్తరాకుల్లో పులిహోర పెట్టించాడు. "ఇయ్యాల పానా మాత్రం పట్ట సార్, బంద్ బందే" అన్నాడు. అని, స్కూటర్‌కి ఓ పక్క తను, ఓ పక్క నాన్న... మన్సూరాబాద్ దాకా నెట్టుకొచ్చారు. పని చేయనన్న మనిషి అంత చెమట ఎందుకు ఓడ్చాడో నాకు బోధపడలేదు.

"న్యూట్రల్ ఏడుంది బిడ్డా?"

"మూడు దగ్గర, మామా."

"మరి రెండు?"

"రెండు రెండే."

దార్లో నవ్వీ నవ్వీ రెండుసార్లు ఆగాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి వైర్లు సరిచేశాడు. నాకే వారం దాకా 'ఒకటి' అనడానికి నోరు తిరగలేదు...

రాష్ట్రం వచ్చింది. స్కూటర్ పాతసామానుకి పోయింది. ఇప్పుడు నా కారుకి సర్వీసంటే ఫోన్లో ఓ బటన్ నొక్కడమే... ఎవరు విప్పుతారో, ఎవరు బిగిస్తారో తెలియదు. రేకుల షెడ్డు చోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది. మామ బాటసింగారం వైపు లారీల పని చేస్తున్నాడని ఎవరో అన్నారు. గంట దూరం కూడా లేదు... అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు మేం.

మీ ఇంటి బండికి ఏ రిపేరు మీ నాన్నది, ఏది మెకానిక్‌ది? కాస్త రాయండి, చదువుకుంటాను. మా ఇంట్లో ప్లగ్గు నాన్నది, మిగతాదంతా యాదగిరి మామది... ఆ మామని వెతకడం ఎవరి పనో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.