బెల్లం ముట్టని చీమ

నా పరువు చిటికెనవేలంత గాజుగొట్టంలో పోయింది. వరదలోనో అగ్గిలోనో పోయిందంటే జనం జాలిపడతారు, గొట్టంలో పోయిందంటే నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కటే షరతు: మా మామ్మను చూసి మాత్రం నవ్వకూడదు. ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదు. వెధవపనంతా నాదే.

అప్పుడు నేను ఒడిశాలోని కొరాపుట్‌లో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. జయపురంలో ఇల్లు, రోజూ ఘాట్ రోడ్డు మీద బస్సులో రాకపోకలు. నా ప్రాజెక్టు చీమల మీద. రాణిచీమ గూట్లోంచి బయటికి రాదు, మగచీమలు ఎప్పుడో గాని కనబడవు. మనకు చిక్కేవల్లా తిండి మోసుకుంటూ తిరిగే పనిచీమలే. కాబట్టి వాటి ఒళ్లు చూసే ఏ జాతో తేల్చాలి. నడుము దగ్గర ముడి ఒకటా, రెండా? మీసాలు మోచేయి వంచినట్టు వంగాయా? వీపు మీద ముళ్లున్నాయా? ఒక్కో ప్రశ్నకూ జవాబు చెప్పుకుంటూ పోతే చివరికి పేరు తేలుతుంది. మా గైడ్ మేడం, పార్వతీపురం ఆవిడ, ఈ ప్రశ్నలు నాచేత కంఠతా పట్టించింది. మొదటి ప్రశ్న ఎప్పుడూ నడుము గురించే. ఇది గుర్తు పెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఒకసారి మేడంతో బంధుగాం వెళ్లాను. అక్కడి పని ముగించుకుని ఆవిడ రాయగడ మీదుగా కాశీపూర్ వెళ్లిపోయింది, నేను ఇంటికి బయలుదేరాను. బస్సు రాలేదు. మామిడిచెట్టు నీడన నిలబడ్డాను. కొమ్మ మీద ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూడు కట్టాయి. సంతలో పచ్చడికని దొప్పల్లో అమ్ముతారే, అవే. కుడితే ప్రాణం పోయినంత పనవుతుంది. అవన్నీ బారు కట్టి పోతుంటే, పక్క ఆకు మీద ఒకత్తి మాత్రం ఒంటరిగా తిరుగుతోంది. వేలు పెట్టాను. కుట్టలేదు! ఎర్రచీమల్లో ఇంత మర్యాదస్తురాలా అని ముచ్చటపడి గొట్టంలోకి దింపి దూది బిరడా పెట్టాను.

బస్సులో భూతద్దం తీశాను. మొదటి ప్రశ్న, నడుము. ఎర్రచీమకు నడుము ఒక్కచోటే సన్నబడాలి. దీనికి రెండుచోట్ల! మీసాలు చూశాను, మోచేయి వంపు లేనే లేదు. ఏ చీమకైనా ఉండి తీరాల్సిన వంపు దీనికి లేదంటే, బుద్ధి ఉన్నవాళ్లకు అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. ఇక కళ్లు! నల్లగా, పెద్దగా, నేరుగా నా మొహంలోకే చూస్తున్నాయి. ఇన్ని చీమల్ని చూశాను గాని, నన్ను చూసిన చీమ ఇదొక్కటే. పక్కసీటాయనకు చూపించాను. ఆయన మర్యాదగా లేచి వెనక సీట్లోకి వెళ్లిపోయాడు.

దిగగానే మేడంకు ఫోన్ చేశాను. కాశీపూర్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

"మేడం! ఎర్రచీమ! నడుములు రెండు! మీసాలకి వంపు లేదు!"

"ఏంటీ? వంపు లేదా? సరిగ్గా చూశావా?"

"చూశాను మేడం! కొత్త జాతి మేడం!"

"చంపకు. ఆదివారం జయపురం మీదుగానే వస్తాను, చూసేవరకూ ఎవ్వరికీ..." అని లైను తెగిపోయింది. ఆ వాక్యం చివర ఏముంటుందో మీకు తెలుసు. నాకూ తెలుసు. కాని వినబడలేదు కదా!

ఇంటికొచ్చేసరికి మామ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది.

"ఏటే అమ్మీ, గొట్టంలో ఏటట్టుకొచ్చినావ్?"

"సీమ మామ్మా. కొత్త సీమ. లోకంలో ఇప్పటిదాకా ఎవులూ సూడనేదు."

"అవున్లే, సీమల్ని సూడ్డానికి లోకానికి కాళీ ఉండొద్దేటి?"

"వేళాకోళం కాదు. దీనికి పేరెట్టాలి. నీ పేరే ఎడతాను."

మామ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది. "నా పేరా? పైడమ్మ అనా?"

"అవును. పుస్తకాల్లో అచ్చేస్తారు."

మామ్మ ఏరిన రాయి అవతల పారేసింది. తర్వాత మెల్లగా అంది: "పెళ్లయి ఈ ఊరొచ్చిన కాడ్నించి నన్ను పైడమ్మా అని పిలిసినోలు నేరే. ముందు ఫలానోడి పెళ్లాం, తరవాత అప్పారావు తల్లి. నాకే మర్సిపోనాది, నాకో పేరున్నాదని."

నా కళ్లు చెమ్మగిల్లాయి. ఇక ఆ చీమకు మామ్మ పేరు పెట్టకపోతే నేను మనిషినే కాననుకున్నాను. చూశారా, ఇంతవరకూ వచ్చాక వెనక్కి తిరగడం ఎలా?

చీమకు ఆకలేస్తుందని మామ్మ బెల్లం ముక్క వేసింది. అది కన్నెత్తి చూడలేదు. పంచదార వేశాం, అదీ ముట్టలేదు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "బెల్లం తినని సీమేటే?" అంది. అది రెండో హెచ్చరిక. మామ్మ మాత్రం మురిసిపోయింది. "నాకూ సుగరే కదేటి! డాట్రు బెల్లం ముట్టొద్దన్నాడు. నా పేరెట్టుకున్నాక నా పద్దతే!"

మర్నాటికి గొట్టంలో ఓ మూల తెల్లటి గూడులాంటిది కనబడింది. బిరడాలోంచి దూది పీకి పక్కేసుకుందని తీర్మానించాను. "ఎంత పనిమంతురాలో, అచ్చం మా అత్తే" అని అమ్మ కూడా మా జట్టులోకి వచ్చేసింది.

ఇక మామ్మను ఆపేవారెవరు? వీధి వీధంతా చెప్పేసింది. మునిసిపాలిటీలో నీళ్లపంపులు చూసే మా నాన్న అప్పారావు, ఏ వీధిలో కుళాయి విప్పితే ఆ వీధిలో చెప్పుకొచ్చాడు. జనం వచ్చి గొట్టంలోకి తొంగిచూడటం, "పోలికలున్నాయి" అనడం.

ఆదివారం మామ్మ పట్టుచీర కట్టింది. నాన్న మిఠాయి తెచ్చాడు. మేడం బస్సు దిగి, బ్యాగు భుజానే ఉండగా లోపలికొచ్చి, ఇంటినిండా జనాన్ని చూసి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"ఎవ్వరికీ చెప్పొద్దన్నాను కదా?"

"లైను తెగిపోయింది మేడం."

తెల్ల పళ్లెంలో గొట్టం బోర్లించాను. చీమ బయటికొచ్చింది. మీసాలు ఆడించింది. మమ్మల్నందర్నీ ఓసారి చూసింది. ఎగిరి మామ్మ చేతిమీదకు దూకింది!

"సూసేరా, నన్ను గుర్తట్టీసింది!" అంది మామ్మ, చెయ్యి అందరికీ కనబడేలా పైకెత్తి.

చీమ ఆ చేతి అంచు దాకా నడిచి కిందికి జారింది. నేల మీద పడలేదు. మామ్మ చిటికెనవేలి నుంచి సన్నటి దారానికి వేలాడుతూ, తాపీగా, గుండ్రంగా తిరుగుతోంది.

"కాళ్లు లెక్కపెట్టు" అంది మేడం.

"ఆరు మేడం. ముందున్నవి రెండూ మీసాలు."

"మీసాలు ఎక్కణ్నుంచి మొలుస్తాయి?"

"మొహం మీంచి."

"మరవి?"

దగ్గరికెళ్లి చూశాను. అవి మొహం మీంచి మొలవలేదు. మీసాల్లా పైకెత్తి ఆడిస్తున్న ముందుకాళ్లు. "ఎనిమిది మేడం" అన్నాను. "సాలీడు మేడం."

నడుము, మీసాలు, కళ్లు అన్నీ అడిగాను గాని, అసలిది చీమేనా అని అడగలేదు. ఆ ప్రశ్న కూడా నేర్పాలని మేడం కలలోనైనా అనుకోలేదు, పాపం.

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం ఆ దారాన్ని జాగ్రత్తగా అందుకుంటూ అంది: "ఎర్రచీమ కుడుతుందని పిట్టలు దాని జోలికి పోవు. అందుకే ఇది చీమ వేషంలో బతుకుతుంది. పిట్టలే మోసపోతాయి."

"దీనికి పేరున్నాదా అమ్మా?" అంది మామ్మ.

"ఉందండీ. ఎప్పుడో పెట్టేశారు."

మామ్మ మొహం వాడిపోవడం చూశాను. నేల చీలితే బాగుండుననిపించింది. కాని నవ్వు మళ్లీ వినబడగానే ఆవిడ గిర్రున తిరిగింది. "ఏటి నవ్వుతారు? ఆకాసంలో తిరిగే పిట్టలే మోసపోతన్నాయి. నా మనవరాలు బస్సులో తిరిగే పిల్ల! మిటాయి తిని ఎల్లండి!"

అందర్నీ పంపించి, లోపలికెళ్లి పట్టుచీర విప్పి మడత పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. "ఊరుకోయే" అంది గాని, నా వైపు చూడలేదు.

రెండ్రోజులు అలాగే గడిచాయి. ఆపైన ఓ పొద్దున్న ఎదురింటి సరస్వతమ్మ తన పెరట్లోంచి పెద్దగా కేకేసింది: "పైడమ్మా! ఓ పైడమ్మా! నీ సాలీడు మా మామిడిసెట్టు మీద కూడా ఉన్నాదే!"

మామ్మ చేతిలోని చేట కింద పెట్టి లేచింది. "ఓయ్, వస్తన్నానుండు!" అంది. ఆ గొంతులో అంత హుషారు నేనెప్పుడూ వినలేదు. ఆ సాలీడుకు పెద్ద పుస్తకాల్లో ఏ పేరుందో మా వీధిలో ఒక్కరికీ తెలీదు. అది పైడమ్మ సాలీడు. ఇక అప్పారావు తల్లిని ఇప్పుడు అప్పారావు తల్లీ అని ఎవరూ పిలవరు.

కాబట్టి సరస్వతమ్మ మామిడిచెట్టు సాక్షిగా, మేడం భూతద్దం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాణి గురించైనా సరే, కాళ్లన్నీ లెక్కపెట్టేవరకు నోరు విప్పను. తప్పితే ఎర్రచీమల గూట్లో తల పెడతాను. ఈ ప్రమాణాన్ని నేను మరిచిపోయినా మామ్మ మరవనివ్వదు. మొన్న నాకు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందని ఎగురుకుంటూ వెళ్లి చెబితే, ఆవిడ చేటలోంచి తలెత్తకుండానే అడిగింది:

"కాళ్లు లెక్కెట్టేవేటే?"