మూడక్షరాల పరాచికం

ఈ మాట ఇన్నేళ్లు గొంతులోనే పెట్టుకుని తిరిగాను. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

యూనివర్సిటీలో, పెద్దలకు చదువు చెప్పడం నేర్పే వయోజన విద్య తరగతిలో చేరిన మొదటి రోజు మాస్టారు ఒక్కొక్కరినీ ఈ చదువే ఎందుకని అడిగారు. ఒకతను వేరే సీటు దొరకలేదన్నాడు. ఒకామె, చదువు రాని తన తండ్రి ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్నాడని చెప్పి కళ్లు తుడుచుకుంది. నా వంతు వచ్చింది. దేశసేవ అన్నాను. మాస్టారు మెచ్చుకున్నారు. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! నిజానికి నేనక్కడ చేరింది మా వదిన వల్ల.

మాది నకిరేకల్ దగ్గర మగ్గం నేసే ఇల్లు. అన్న నేసేవాడు, వదిన కండెలకు నూలు చుట్టేది. తల్లి లేని నన్ను ఆమే సాకింది. నేను నల్లగొండ హాస్టల్లో ఉండి బడికి పోయేవాణ్ని. వేసవి సెలవుల్లో ఒకనాడు వదిన పలక తెచ్చి నా ముందు కూర్చుంది.

"మొగని పేరు నోటితోని అనొద్దంటరు. చేతితోని రాస్తే తప్పేంది? మీ అన్న పేరు రాసుడు నేర్పు."

అన్న పేరు లింగయ్య. నేను మూడక్షరాలు రాసి చూపించాను. అవి లింగయ్య కావు. గాడిద.

ఎందుకలా చేశాను? వదినామరుదుల పరాచికమే కదా అనుకున్నాను. సాయంత్రం అన్నకు చూపించి ముగ్గురం కలిసి నవ్వుకుందామనుకున్నాను. కానీ ఆమె ఆ పలకను ఎవరికీ చూపలేదు, దాచుకుని దిద్దింది, నూలు చుడుతూ చుడుతూ ఆగి మోకాలి మీద వేలితో రాసుకునేది, ఆ సంబరం చూస్తే నాకు నవ్వూ రాలేదు, నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. సెలవులైపోయాయి. వెళ్లిపోయాను.

వానాకాలంలో అన్నకు విషజ్వరం వచ్చింది. ఒళ్లు తెలియని మనిషిని వదిన ఒక్కతే నల్లగొండ దవాఖానకు తెచ్చింది. చీటీ రాసే అతను రోగి పేరు అడిగాడు. మామూలుగా పక్కనున్న వాళ్లెవరో చెప్పేవారు. ఈసారి ఆమె కాగితం అడిగి తీసుకుని తానే రాసిచ్చిందట.

కబురంది నేను వెళ్లేసరికి అన్న మంచం పక్కన వదిన నేల మీద కూర్చుని ఉంది.

"గాడిద అని సదివిండు. పశువుల దవాఖానకు తీస్కపో అన్నడు. అందరు నవ్విండ్రు. నువ్వు మంచిగనే నేర్పినవ్, నా చెయ్యే ఒంకర పోయింది. మీ అన్నకు చెప్పకు జర."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "బువ్వ తిన్నవా?" అంది. తల ఊపాను. అంతే.

అన్న కోలుకున్నాడు. పలక ఉప్పుకుండ మీద మూత అయింది.

ఒకసారి నవ్వులపాలైన పెద్దవాళ్లు మళ్లీ బడి గడప తొక్కరని తరగతిలో మాస్టారు చెబుతుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అందరికంటే బాగా రాశానన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

చదువయ్యాక మా ఊళ్లో రాత్రిబడి పెట్టాను. వదిన వాకిలి ఊడ్చేది, చాపలు పరిచేది, లాంతరు తుడిచి వెలిగించేది. ఆడవాళ్లు వచ్చి కూర్చోగానే లేచి లోపలికి పోయేది. నువ్వూ కూర్చో వదినా అంటే, "నా చేతికి అచ్చరం ఒప్పదు పిలగా, వాళ్లకు చెప్పు" అని నవ్వేది. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో! ఆమె తిడుతుందని భయమా? తిడితే బాగుండును. పోనీ తియ్యి అంటుందనే నా భయం. అంత తేలిగ్గా వదిలేస్తే నేనెక్కడికి పోను?

ఇవాళ రాసేశాను. తప్పు ఇసుమంతైనా తగ్గలేదు. గొంతు మాత్రం కాస్త వదులైంది. ఇందాక వదిన వచ్చి ఈ కాగితం మీదికి వంగి చూసింది. రాత మంచిగుందని మెచ్చుకుని వెళ్లింది.