బూరుగు చెక్క రెక్కలు

అచ్చంపేటలో వడ్ల మోనాచారి ఎత్తిన దర్వాజకు గుండునూలు పట్టి నిలువు చూసే పని లేదని పేరు. అరవై మూడో ఏట ఆయన రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాడు. ఆ తర్వాత చేసిన మొదటి దర్వాజ, మల్లేశ్ కొత్తింటిది, వేలెడంత వంకర వచ్చింది.  ఇంకొకటి చేయమని మల్లేశ్ టేకు మొద్దు తెచ్చి ఆయన వాకిట్లో దించిపోయాడు. ఆరు నెలలుగా దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి.

కొత్త కళ్లకు లోకం మరీ తెల్లగా ఉంది. కన్ను చెప్పింది చేయి నమ్మడం లేదు, చేయి చెప్పింది కన్ను నమ్మడం లేదు.

అప్పుడు ఆయనకు గ్లైడర్లు జ్ఞాపకమొచ్చాయి. ఇరవై ఏళ్ల వయసులో పట్నంలో వాటిని ఎగరేసే మైదానంలో రెండేళ్లు పనిచేశాడు. ఇంజను లేని, అంతా కట్టెతో చేసిన పొడుగు రెక్కల విమానాలు. మబ్బునీడ దిగినట్టు చప్పుడు లేకుండా దిగేవి. వాటి రెక్కల్లో విరిగిన ఎముకలు, అంటే అడ్డపుల్లలు, మార్చిన వేళ్లలో ఆ కొలతలు ఇంకా ఉన్నాయి. అలాంటిదే చిన్నది, ఎనిమిదో వంతుది చేయాలనుకున్నాడు. అది తిన్నగా ఎగిరితే టేకు మొద్దు ముడతాడు. ఎగరకపోతే కట్టె చెక్కే బాడిశకు నూనె రాసి అటకెక్కిస్తాడు. ఈ మాట భార్య సోమమ్మకొక్కదానికే చెప్పాడు.

బూరుగు చెక్క తేలిక. దాన్ని గోరు మందాన చీల్చి రందతో చిత్రిక పట్టాడు. పొట్టు ఉల్లిపొరలా లేచి గడప దాటి పోయేది. ఒక్కో రెక్కకు ఇరవై ఎముకలు, ఒక్కోటీ వెలుతురుకు పట్టి చూశాడు. ముక్కులో సీసం ముక్క బిగించి, రెక్కల కింద రెండు చూపుడు వేళ్లు ఆనించి ఎత్తితే తక్కెడ ముల్లులా నిలిచింది. ఇక పతంగి కాగితం అతకడమే. దానికి మూడు రోజులు పట్టింది. కాగితానికి ఏం బరువని మళ్లీ తూచలేదు.

పొద్దున్నే ఆలుమగలు ఊరి పక్క బోడు గుట్ట మీదికి పోయారు. గొర్ల వెనక వస్తున్న మల్లేశ్ ఆగాడు.

"చారీ, కోళ్లకు జాగా మంచిగనే ఇచ్చినవ్. నా ఇంటికి దర్వాజెప్పుడు?"

మోనాచారి విమానాన్ని విసిరాడు. విమానం ముక్కెత్తింది. ఆకాశాన్ని ఏదో అడగబోయినట్టు ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారి వెంపలి పొదలో పడింది. మల్లేశ్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

మోనాచారి రాతి మీద కూర్చున్నాడు. బాడిశ సంగతి తేలిపోయిందన్నాడు, తనలో తానే.

సోమమ్మ విమానాన్ని తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు తోక నిమిరింది.

"నేనే వెట్టిన," అంది.

"ఏంది?"

"దర్వాజ ఎత్తేటప్పుడు కడప కింద నవధాన్యాలు వెయ్యమా? గిది గూడ ఎత్తేదే గదా. నువ్వు కాయితం అంటివెడుతున్ననాడు పసుపు బట్టల మూటగట్టి తోకల వెట్టిన."

"తోకలనే ఎందుకే?"

"కడప కాళ్లకాడుంటది. దీనికి కాళ్లేవి మరి?"

ఆయన తోక కాగితం చీరి, నిమ్మకాయంత మూట బయటికి తీశాడు. వేళ్ల మీద ఎత్తాడు. నిలిచింది, ముల్లులా.  కన్ను తప్పలేదు. చేయి తప్పలేదు.

వెట్టింది తీసేస్తే అచ్చిరాదని సోమమ్మ గొణిగింది. మోనాచారి ఆలోచించి, వేళ్లు ఆనిన చోటే, రెక్కల నడుమ పొట్ట కాగితం చీరి ఆ మూటను ఇరికించాడు.

"గిక్కడుంటె దాని బరువు దానికే తెల్వది."

చిరిగిన చోట్ల, మూట కొసన చించి పెట్టుకున్న పసుపు బట్ట పేలికలను తడిపి పాత జిగురు మీద అతికించి, మళ్లీ తూచి, విసిరాడు. ఈసారి అది ఏమీ అడగలేదు. గాలి గీసిన గీత మీద నడిచినట్టు గొర్ల మీదుగా, పల్లికాయ చేను మీదుగా పోయి, గట్టు అవతల మెల్లగా దిగి ఒరిగింది. మల్లేశ్ దాన్ని రెండు చేతులతో, పసిగుడ్డును తెచ్చినట్టు తెచ్చాడు.

"నీ కడప ఎంత పొడుగన్నవ్?" అని అడిగాడు మోనాచారి.

మల్లేశ్ చెప్పాడు. ఇంటికి రాగానే సోమమ్మ మొద్దు మీది కోళ్లను అదిలించింది.