ఆఖరి గుటక

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లుమంట. నేను నరసరావుపేటలో ఓ ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుని. అక్కడ బతికున్నవాళ్లతోనే ఊపిరి సలపదు, ఇంక చచ్చినవాళ్లకు భయపడే తీరిక ఎక్కడిది? అయినా ఈ ఒక్కటి చెప్పి తీరాలి.

పోయిన ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయిన పెద్దాయన్ని తెచ్చారు. వెంటిలేటర్ పెట్టినా హింసేనని డాక్టరుగారు చెప్పారు. ఇంటివాళ్లు వద్దన్నారు. ఆయాసం తెలియకుండా మందిచ్చి, మూల మంచం చుట్టూ కర్టెన్ లాగాను. "బంధువులు బయటికి!" అని రోజంతా అరిచే నేనే ఆయన భార్యనీ కొడుకునీ లోపలికి పిలిచాను. పోయేవాళ్ల నోట్లో తమ చేత్తో నీళ్లు పోయలేకపోతే ఆ దిగులు మా వైపు మనుషుల్ని బతికినంతకాలం తింటుంది.

కొత్త నీళ్ల సీసా మూత తీసి, చెంచాతో పెదాలు తడపమని ఆయన భార్యకిచ్చాను. ఆయన పళ్లు గట్టిగా బిగించేశాడు. కొడుకు ప్రయత్నించినా అంతే.

"ఏందయ్యా ఈ మొండితనం? నోరు తెరువు," అని భార్య ఏడ్చింది. నావైపు తిరిగి, "కూతురి కోసం సిస్టరమ్మా. మాచర్ల నుంచి వస్తా ఉంది. అదంటే చానా పాణం," అంది.

నేను దూదితో ఆయన నోరు శుభ్రంగా తుడిచాను. కాసేపటికి తనంతట తనే నోరు తెరిచాడు. మాలో ఎవరమూ చుక్క నీళ్లు పోయలేదు. గుటక వేశాడు. గొంతు కదలడం ముగ్గురం చూశాం. పెదవి చివర నుంచి నీళ్లు కారాయి. మళ్లీ ఊపిరి తీయలేదు. తుడిస్తే దూదికి ఎర్రటి ఒండ్రు అంటింది. సీసాలో నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి.

కూతురు వచ్చేసరికి దుప్పటి కప్పేశాం. నేలమీద కూలబడింది.

"లారీ అడ్డం పడి బస్సు కదల్లా అక్కా. ఇంక అందుకోలేనని తెలిసిపోయింది. దిగి, సాగర్ కాలువలో దోసిలి ముంచి, 'తాగు నాన్నా' అని ఇటు తిరిగి వదిలా. నా చేతి నీళ్లు తాగకుండానే పోయాడు," అని గుండెలు బాదుకుంది.

తర్వాత దూదికి అంటిన ఒండ్రు గురించి డాక్టరుగారిని అడిగితే, అది క్వారీ దుమ్మే, కఫంతో పైకి వచ్చి ఉంటుందన్నారు. కావచ్చు. మరి ఆ నీళ్లెక్కడివో ఆయనా చెప్పలేదు, ఈనాటికీ నాకూ తెలియదు.

ఆ పూట మాత్రం నేను ఇవేవీ ఆలోచించలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని గట్టిగా చెప్పాను.

"తాగాడే తల్లీ. నేను చూశా."