ఎనిమిదో అంశం

మూడు రోజులుగా ముసురు వదల్లేదు. ఆ ఆదివారం పొద్దున్నే మా వీధివాళ్లతో కలిసి రోడ్డు మీద పోసిన వడ్ల మీద లేచిపోయిన పట్టాలు మళ్లీ కప్పుతున్నాను. ఒక కొస అదిమితే ఇంకో కొస గాలికి లేస్తోంది. రాళ్లు ఏరుకొచ్చి అంచుల మీద పెడుతుండగా మా హెడ్మాస్టరు ఫోను చేశారు. "మన బడి ఆయమ్మ పోయిందయ్యా. తెల్లారేటప్పుడు, రేపల్లెలో కూతురింట్లో. మంచం మీద లేచి కూర్చుని మంచినీళ్లు అడిగిందంట. తెచ్చేలోపే." ఇంకో రెండు రాళ్లు పెట్టి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయల్దేరాను.

మన సంఘం పత్రిక చదివేవాళ్లు ఎక్కువమంది నాలాగే బడిపంతుళ్లు. పోయినవాళ్ల గురించి ఇందులో రాసుకుంటూనే ఉంటాం. పదవీ విరమణ చేసిన పెద్దల గురించి, నాయకుల గురించి. బడి ఊడ్చిన మనిషి గురించి ఎవరైనా రాయగా నేను చూడలేదు. నేనూ రాసేవాణ్ణి కాదేమో, ఆమెతో నేను ఆడిన ఒక అబద్ధం లేకపోతే.

మా బడి తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుదారి పక్క ఊళ్లో ఉంది. నేను బదిలీ మీద వచ్చేసరికే ఆయమ్మ అక్కడ పాత మనిషి. పుట్టింది కొల్లూరు దగ్గర లంకలో. భర్త చిన్నతనంలోనే పోయాడు, ఒక్కతే కూతురు. కాగితాల్లో ఆమె పార్ట్‌టైము. పొద్దున ఏడింటికి గేటు తాళం తీసేది, సాయంత్రం చివరి పిల్ల వెళ్లాక వేసేది. "ఇందులో నా పార్టు ఏదో, కాని పార్టు ఏదో చెప్తే, కానప్పుడు కాస్త కూర్చుంటాను మేష్టారూ" అనేది.

గంట కొట్టడం ఆమె పనే. ఒక్క నిమిషం ముందూ వెనకా ఉండేది కాదు. నేను ఒకరోజు రైలు లేటై పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూశాకైనా కాస్త ఆగి కొట్టొచ్చు కదా అన్నాను. "గంటకి మేష్టర్లంటే భయం లేదండి" అని సుత్తి మేకుకి తగిలించి వెళ్లిపోయింది. నలుగురు పిల్లలు విన్నారు. ఆ వారమంతా ఆ మాట బడిలో తిరిగింది.

తరగతి గదుల్లో ఊడ్చిన చెత్తలోంచి సుద్దముక్కలు ఏరి ఒక సీసాలో వేసేది. సుద్ద అయిపోయిందని హెడ్మాస్టరు అన్నప్పుడు ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టేది. ఏ పిల్లకి మూర్ఛ వస్తుందో, ఏ పిల్లాడు పొద్దున ఏమీ తినకుండా వస్తాడో మా రిజిస్టర్లలో ఉండదు. ఆమెకి తెలుసు.

మూడేళ్ల కిందట అనుకుంటాను, వరండా ఊడ్చేటప్పుడు మధ్యలో మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట సగం, కాసేపు కూర్చుని మిగతా సగం. "ఏంటి ఆయమ్మా, వయసు గుర్తొచ్చిందా?" అని ఎగతాళి చేశాను. "వయసు కాదండి, ఊపిరి" అంది. కూతురు తెనాలి తీసుకెళ్లి చూపించింది. గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడంట డాక్టరు.

పేదలకిచ్చే ఆరోగ్య కార్డు కోసం ఊళ్లో సచివాలయానికి వెళ్లింది. కంప్యూటర్లో ఆమె పేరు కొడితే ప్రభుత్వం నుంచి జీతం తీసుకునే మనిషి అని వచ్చింది. కార్డు రాదన్నారు. ఉద్యోగుల హెల్త్ కార్డు కోసం నేను కనుక్కుంటే, పార్ట్‌టైము వాళ్లు ఉద్యోగుల్లోకి రారన్నారు. ఆ సంగతి చెబితే ఆమె చాలాసేపు నవ్వింది. "అయితే నేను ఎవరికీ కానన్నమాట. బడి మాత్రం ఊడవాలి."

అప్పటికి నేను మన సంఘానికి మండలం కార్యదర్శిని. ఉద్యోగుల ఆరోగ్య పథకం మీద కోరికల పత్రం తయారుచేస్తున్నాం. మన జీతాల్లో ప్రతి నెలా కోత పడుతున్నా ఆసుపత్రులు కార్డు చూసి మొహం తిప్పుకుంటున్న రోజులవి. మీకు తెలిసిందే. ఒక మధ్యాహ్నం ఆయమ్మ స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"మేష్టారూ, మీ కాయితంలో మాదొక మాట ఎక్కించకూడదా అండి? నా ఒక్కదానికే కాదు. మండలంలో మేం ఇరవై మందిదాకా ఉన్నాం."

"ఎక్కిస్తాను ఆయమ్మా. అదెంత పని" అన్నాను.

సంఘంలో తిరిగినవాళ్లకి ఒక పద్ధతి తెలుసు. కోరికల పత్రంలో అంశాలు ఎలా పడితే అలా రాయం. ముందు తప్పకుండా కావలసినవి, తర్వాత వస్తే మంచిదనుకునేవి, చివర ఒకటి వదులుకోవడానికి. అవతల కూర్చున్నాయన ఏదో ఒకటి కొట్టేస్తేగాని మిగతావాటికి ఒప్పుకోడు. ఆయన కొట్టేయడానికి ఒకటి మనమే రాసి ఇస్తాం. మా ముందువాళ్లు అలాగే చేశారు, మాకూ అదే నేర్పారు. ఆ ఏడు ఎనిమిది అంశాలు రాశాను. ఎనిమిదోది ఆయమ్మ అడిగింది.

పత్రం జిరాక్సు ఒకటి ఇమ్మంది. ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు. తనది ఎక్కడుందో వేలు పెట్టి చూసుకుంది.

"చివర పెట్టారేంటండి?" అన్నాడు పక్కనున్న లెక్కల మాస్టారు, నా వైపు చూసి. ఆయనకి సంగతి తెలుసు.

సమాధానం ఆయమ్మ చెప్పింది. "విస్తట్లో పెరుగన్నం చివరే వచ్చిద్దండి. అది పడకపోతే భోంచేసినట్టా?"

లెక్కల మాస్టారు నవ్వాడు. నేనూ నవ్వాను.

బాపట్లలో కలెక్టరాఫీసు ముందు ధర్నా పెట్టాం. మనవాళ్లు సెలవు పెట్టి వస్తారో రారో అని అనుమానం. ఆయమ్మకి చెబితే మండలంలో ఆయాలందర్నీ పోగుచేసింది. రేపల్లె నుంచి బాపట్ల బస్సులో ఒక పక్క సీట్లన్నీ వాళ్లే. ఎండలో, టెంటు చాలక రోడ్డు అంచున కూర్చున్నారు. నేను మైకులో మాట్లాడి దిగాక మజ్జిగ గ్లాసు అందిస్తూ అంది. "బాగా అరిచారండి. మా ఊళ్లో అయితే ఈ పాటికి గొడ్లు ఇళ్లకి వచ్చేసేయి." ఆయాలంతా ఒకటే నవ్వు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటోలో ముందు వరస వాళ్లదే. మనవాళ్లు వెనక నీడలో ఉన్నారు.

సాయంత్రం ఐదుగురిని లోపలికి పిలిచారు. నేనొకణ్ణి. అధికారి మంచివాడే. పత్రం మొత్తం చదివాడు. "ఏడూ పైకి సిఫారసు చేస్తాను. ఈ ఎనిమిదోది ఉంటే ఫైలు వెనక్కి వచ్చిద్ది. వీళ్లు అసలు ఉద్యోగులే కాదంటారు. తీసేద్దామా?" అన్నాడు. మా అధ్యక్షుడు నా వైపు చూశాడు, రాసింది నేను కాబట్టి. అప్పుడే టీ ఇచ్చారు. కప్పు అందుకుంటూ, "తీసేయండి సార్" అన్నాను. ఒక్క మాట వాదించలేదు. ఏడు దక్కుతున్నాయని లోపల సంతోషంగా కూడా ఉంది. పెన్ను ఆయన తీయబోతే, నేనే నా పెన్నుతో గీత గీసి ఇచ్చాను.

బయటికి వచ్చేసరికి ఆయాలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఆయమ్మ ముందుకొచ్చింది.

"ఏమన్నారండి?"

"పంపిస్తామన్నారు" అన్నాను.

"మాది కూడానా అండి?"

"అన్నీ."

ఆ మాటకి వాళ్లు ఒకళ్ల భుజాలు ఒకళ్లు తట్టుకున్నారు. అప్పుడే చెప్పవలసింది. బస్సు వచ్చింది, ఎక్కాం. తర్వాత చెబుదామనుకున్నాను. ఒక రోజు దాటాక చెప్పడం కష్టమైంది, ఒక నెల దాటాక ఇంకా కష్టమైంది. అడిగినప్పుడల్లా "పరిశీలనలో ఉంది" అన్నాను. మనకి పై నుంచి వచ్చే మాటే అది. ఎంత తేలిగ్గా నోటికొస్తుందో అప్పుడు తెలిసింది.

మన ఏడింట్లో చాలావరకు నెరవేరాయి. తెనాలిలో ఒక ఆసుపత్రి కార్డు తీసుకోవడం మొదలుపెట్టింది. పోయిన ఏడు నా భార్యకి మోకాలి ఆపరేషను అక్కడే, ఆ కార్డు మీదే అయింది. ఆయమ్మ చూడ్డానికి వచ్చింది. మెట్లెక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో, వచ్చి గోడకానుకుని ఊపిరి అందుకుంది. చేతిలో చక్కెరకేళి అరటిపళ్ల అత్తం. మంచం పక్కన బల్ల మీద నా కార్డు ఉంది. చెయ్యి చీరకి తుడుచుకుని దాన్ని తీసి చూసింది.

"ఇదేనా అండి? మా వాటి మీద కూడా ఇట్టా ఫోటో వేస్తారా?"

నా భార్య నా మొహం చూసింది. ఆమెకి కూడా నేను చెప్పలేదు.

"వేస్తారు" అన్నాను.

"అయితే మంచి చీర కట్టుకుని దిగాలి" అంది ఆయమ్మ.

ఆ తర్వాత కొన్నాళ్లకి కూతురు బడికి వచ్చింది. రేపల్లెలో బట్టలు కుట్టుకుని బతికే మనిషి. తల్లి ఒళ్లు రోజురోజుకీ దిగిపోతోందని, తన గొలుసు తాకట్టు పెట్టి గుంటూరులో ఆపరేషను చేయిస్తానంటే ఒప్పుకోవడం లేదని, నన్ను చెప్పమని. ఆయమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఉంది.

"కార్డు వస్తుంటే గొలుసెందుకే? మేష్టారు బాపట్లలో మాట్లాడొచ్చారు. నువ్వు మిషను ఎక్కి కూర్చో, పో" అని కసిరింది.

కూతురు నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. "కార్డు రాదు ఆయమ్మా, గొలుసు పెట్టండి" అంటే చాలు. బెల్లు టైమైందని లేచి క్లాసుకి వెళ్లాను. ఆ రోజు ఏ పాఠం చెప్పానో గుర్తులేదు. గంట మాత్రం వేళకే మోగింది.

రేపల్లెలో ఆ ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. వాన తగ్గింది. వాకిట్లో ఆయమ్మని పడుకోబెట్టారు. హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు అప్పటికే ఉన్నారు. మండలంలో ఆయాలు కొందరు అరుగు మీద కూర్చున్నారు. దండ వేసి వచ్చి నేనూ ఆ అరుగు చివర కూర్చున్నాను. జంపని నుంచి వచ్చిన ఆయా కొంచెం జరిగి చోటిచ్చింది.

"అక్కకి ఎట్టాగూ అందలేదు. ఆ ఎనిమిదోది ఎక్కడిదాకా వచ్చిందండి మేష్టారూ? మాకన్నా ఎప్పటికొచ్చిద్ది?" అంది.

పరిశీలనలో ఉంది అనే మాట నోటిదాకా వచ్చింది. కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది.

"అది పైకి వెళ్లలేదమ్మా. ఆ రోజు బాపట్లలోనే తీసేశాం. నేనే కొట్టేశాను" అన్నాను.

జంపని ఆయా నా మొహంలోకి చూసింది.

"ఆ రోజే చెప్పుంటే ఆ గొలుసన్నా తాకట్టు పెట్టుకునేవాళ్లు కదండి" అంది.

కూతురు లోపలికి వెళ్లింది. మళ్లీ తల్లిని లేపేటప్పుడే బయటికి వచ్చింది.

పన్నెండింటికి ఆయమ్మని తీసుకెళ్లారు. ఆయాలు పంపు దగ్గర కాళ్లు కడుక్కుని పన్నెండున్నరకి వెళ్లారు. హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు ఒంటిగంటకి బండి మీద వెళ్లారు. నేను రెండింటి రైలుకి వెళ్లాను.