ఇంటికి ఒక్కరే

గ్రాంట్ ఇస్తామన్న కబురు వింటే ఎవరైనా స్వీట్లు పంచుతారు. ఛాయాదేవికి మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. ఉద్యోగంలో ఉండగానే ఒక చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని, బడి నుంచి ఇంటికెళ్తే పలకరించే దిక్కులేని పిల్లల కోసం ఓ చోటు తెరిచింది. హైస్కూలు పిల్లలు వస్తారు, హోంవర్క్ చేసుకుంటారు, పోట్లాడుకుంటారు, ఆవిడ తెచ్చిన పులిహోర తింటారు. తెలుగు పిల్లలే అనుకునేరు, అన్ని ఇళ్ళ పిల్లలూ వస్తారు. కొందరు నోరు విప్పకుండా ఓ మూల కూర్చుని చీకటి పడ్డాక వెళ్ళిపోతారు. అసలు వాళ్ళ కోసమే ఇదంతా అంటుంది ఆవిడ.

ఇన్నాళ్ళూ దసరా డిన్నర్ చందాలతో, స్నేహితుల మొహమాటంతో బండి నడిచింది. మొహమాటం మాత్రం ఎన్నాళ్ళని ఉంటుంది? ఈ ఏడు చర్చివాళ్ళు అద్దె పెంచారు. వేసవిలోగా డబ్బు రాకపోతే తాళం వెయ్యాల్సిందే. అడగందే అమ్మయినా పెట్టదు కదా అని కృతి ఊళ్ళోని ఒక ఫౌండేషన్‌కి అప్లై చేసింది. కృతి ఆ బేస్‌మెంట్‌లోనే కూర్చుని చదువుకుని పెద్దదైన పిల్ల, ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. ఫౌండేషన్ వాళ్ళు వచ్చారు, చూశారు, పిల్లలతో మాట్లాడారు. ఇస్తామన్నారు, ఒక షరతు మీద.

"ఆంటీ, మన బోర్డ్‌లో ఫ్యామిలీకి ఒక్కళ్ళే ఉండాలంట. ఫ్రైడే నూన్ లోపల మనం ఫిక్స్ చేసి పంపాలి. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు," అంది కృతి.

ఆ బోర్డుకి ప్రెసిడెంట్ ఛాయాదేవి భర్త హరనాథ్. ట్రెజరర్ మరిది శేషగిరి. సెక్రటరీ తోడికోడలు ప్రమోద. మిగిలిన మనిషి తనే. సంస్థను రిజిస్టర్ చేసేటప్పుడు, మనవాళ్ళుండగా పైవాళ్ళెందుకు అనుకున్నారు. అయినవాళ్ళయితేనే నమ్మకం. ఆ నమ్మకమే ఇంకొకరి కంటికి అనుమానంలా కనపడుతుందని మనలో ఎవరికి తడుతుంది చెప్పండి? కొత్తగా చేరడానికి ఇద్దరు తల్లులూ ఒక టీచరూ సిద్ధంగానే ఉన్నారు. కూర్చున్నవాళ్ళని లేవమనడమే కష్టం.

పైగా లేవాల్సినవాళ్ళలో శేషగిరి ఒకడు. శుభలేఖలో తన పేరు అన్న పేరు కన్నా చిన్న అక్షరాల్లో పడిందని ఏడాది పాటు గడప తొక్కని మనిషి. తప్పుకోమంటే బంధుత్వం పోతుంది, అనకపోతే పిల్లల చోటు పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హరనాథ్‌తో అంటే, "నువ్వే చెప్పు, వాడు నా మాట వినడు," అని పేపర్లో తల దూర్చాడు. ఛాయాదేవికి స్టవ్ మీద పాలు పొంగినా తెలియడం లేదు. కారు డ్రైవ్ చేస్తూ మరిదికి చెప్పాల్సిన మాటలు పైకే అనుకుంటోంది, పక్క కారువాళ్ళు చూస్తున్నా సరే.

ఆదివారం శేషగిరినీ ప్రమోదనూ భోజనానికి పిలిచింది. అందరూ పెరుగన్నంలోకి వచ్చేదాకా ఆగి, విషయం చెప్పింది.

శేషగిరికి కోపం రాలేదు. "దానికింత టెన్షన్ ఎందుకు వదినా? కజిన్స్ అని రాసెయ్యండి. మనవాళ్ళందరం కజిన్సే కదా," అన్నాడు.

"ఒక తల్లి కడుపున పుట్టిన కజిన్సా? నేను అబద్ధం రాయను శేషగిరీ."

"సరే, ఒక్కరే ఉండాలంటే అన్నయ్య ఉంటాడు, ఇంటికి పెద్దవాడు. నేనూ ప్రమోదా మానేస్తాం. మీరూ మానెయ్యండి. మీకు బోర్డుతో పనేముంది వదినా, మీరెలాగూ అక్కడే పడి ఉంటారుగా," అన్నాడు చాలా మామూలుగా.

హరనాథ్ తలూపి ఆవకాయ ఇటు జరపమన్నాడు.

ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని ఇన్నాళ్ళూ కుమిలిన ఛాయాదేవికి, లేవమనే కుర్చీల్లో తనదీ ఉంటుందని తోచనే లేదు.

"ఒక్కరే అయితే అది నేనే," అంది. "మీరు ముగ్గురూ తప్పుకోండి."

"అన్నయ్యని దిగిపొమ్మంటున్నారా?"

"అవును."

శేషగిరి చెయ్యి కడుక్కుని వెళ్ళి కార్లో కూర్చున్నాడు. చెప్పులేసుకుంటూ ప్రమోద ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మా ఇద్దరి రాజీనామాలూ ఇవాళే పంపిస్తాను అక్కా. ఈయన్ని నేను చూసుకుంటాను," అంది. పంపించింది కూడా.

పంపనిది హరనాథ్. సోమవారం వాకింగ్‌కి వెళ్ళొచ్చాడు, భోంచేశాడు, వార్తలు చూశాడు. మంగళవారమూ అంతే. ఆ మాట అతను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. రెండోసారి అడిగితే అది బతిమాలినట్టవుతుంది. బతిమాలకూడదని పంతం, పిల్లలేమైపోతారోనని భయం. ఈ రెండింటి మధ్యా ఆవిడ నలిగిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చలో గెలిచొచ్చి ఇంట్లో చిక్కుకుంది. కృతి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "అంకుల్ పంపారా ఆంటీ?" ఒకటే జవాబు, "ఇంకా లేదమ్మా."

శుక్రవారం పొద్దున ఇంట్లో ఉండలేక బేస్‌మెంట్‌కి వెళ్ళిపోయింది. పిల్లలింకా బళ్ళో ఉన్నారు. కృతి లాప్‌టాప్ తెరిచి, గోళ్ళు కొరుక్కుంటూ గడియారం వంక చూస్తోంది. ఛాయాదేవి తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోంది. ఇక లాభం లేదని కృతి లేవబోతుండగా, మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా దిగుతూ హరనాథ్ కనిపించాడు. కోటు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

ఛాయాదేవికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "రెండు ముక్కలు రాయడానికి ఇన్ని రోజులా?"

"కారణం దగ్గర ఆగిపోయాను," అన్నాడు హరనాథ్, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఆరోగ్యం బాగాలేదంటే అబద్ధం. పని ఎక్కువైందని రాద్దామంటే, ఇక్కడ నేను చేసిన పనేముంది?"

"మరేం రాశారు?"

"ప్రెసిడెంట్ ఛాయాదేవికి భర్తను కావడం వల్ల తప్పుకుంటున్నానని."